ముందే చెప్పి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు

పోయిన నెల ఇదే పేజీలో మిమ్మల్ని ఒక మాట అడిగాను. పిల్లలు ఇక వద్దనుకున్నప్పుడో, కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం కావాలనుకున్నప్పుడో మీరేం వాడారు, వాడాక ఏం జరిగింది, ఉన్నదున్నట్టు రాయండి, పేరు రాయక్కర్లేదు అని. ఇన్ని ఉత్తరాలొస్తాయని నేననుకోలేదు. కొన్ని నోటుపుస్తకం చింపి రాసినవి, కొన్ని వాట్సాప్‌లో పంపినవి, ఒకటైతే మెడికల్ షాపు బిల్లు వెనక పెన్సిల్‌తో రాసింది. ముప్పై ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేశాను, ఈ కష్టాలు నాకు కొత్త కాదు. కానీ అన్నీ ఒక్కచోట పెట్టుకుని చదువుతుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడింది. "నాకెవరూ ముందు చెప్పలేదు." లూప్ వేసినవాళ్లు చెప్పలేదు, సూది వేసినవాళ్లు చెప్పలేదు, ఆపరేషన్ చేసినవాళ్లు చెప్పలేదు. అది చదివినప్పుడల్లా నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ చెప్పాల్సినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈసారి జవాబులు పొడుగైనా సరే, ముందు చెప్పాల్సినవన్నీ ఇప్పుడైనా చెబుతున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. మాది ఒంగోలు దగ్గర పల్లె. మొదటి కాన్పులో నొప్పులు పడుతుండగా నర్సమ్మ వచ్చి "లూప్ వేస్తాం, మూడేళ్లు భయం ఉండదు, సంతకం పెట్టు" అంది. ఆ నొప్పుల్లో ఏం అడుగుతాను, పెట్టేశాను. తర్వాత నెలసరి మొదలయ్యాక చూడాలి నా అవస్థ, ఏడెనిమిది రోజులు, గడ్డలు గడ్డలుగా. మా అత్తయ్యేమో "అది పైకి పాకి గుండెలోకి పోతుందట" అంది. భయపడి తీయించేశాను. తీయించిన రెండో నెలకే నెల తప్పింది, పాపకి అప్పటికి పది నెలలు. ఇప్పుడు ఇద్దరూ పసివాళ్లే. మా ఆయన "తీయించుకుంది నువ్వే కదా" అంటాడు. తప్పు నాదేనా? మళ్లీ లూప్ వేయించుకోవచ్చా?

జవాబు: తప్పు నీది కాదు తల్లీ. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. నొప్పులు పడుతున్న మనిషి చేత పెట్టించుకున్న సంతకం సంతకమే కాదు. ఈ మాట నెలలు నిండకముందే, చెకప్‌కి వచ్చినప్పుడే, నిదానంగా కూర్చోబెట్టి చెప్పాలి.

నేను పనిచేసిన ఆసుపత్రిలో నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక కాపర్-టి, అదే మీరు లూప్ అనేది, ఉండేది. ప్యాకెట్ చిరిగిపోయి వాడకానికి పనికిరానిది. చెకప్‌కి వచ్చినవాళ్ల అరచేతిలో పెట్టేదాన్ని. అగ్గిపుల్ల కన్నా పొట్టిగా ఉంటుంది. తెల్లటి మెత్తటి ప్లాస్టిక్, పైన అటూ ఇటూ రెండు చిన్న చేతులు, కాడ చుట్టూ సన్నటి రాగి తీగ, కింద రెండు దారాలు. దాన్ని వేలితో వంచి చూసి, వదిలితే మళ్లీ నిటారుగా అవుతుంటే, "ఇంతేనా అమ్మా" అనేవాళ్లు. చేత్తో పట్టుకుని చూశాక సగం భయం అక్కడే పోయేది. నీకు అది ఎవరూ చూపించలేదు. చూడని వస్తువు గురించి ఎవరేం చెప్పినా నమ్ముతాం.

అది గుండెలోకి పోదు. గర్భసంచి నుంచి గుండెకి దారి లేదు. వేసేటప్పుడు ఏ వెయ్యిమందిలో ఒకరికో గర్భసంచి గోడకి గుచ్చుకోవచ్చు, అప్పుడు కూడా పొట్టలోనే ఉంటుంది, డాక్టర్లు తీస్తారు. ఆ రాగి వల్ల వీర్యకణాలు కదలలేక చచ్చిపోతాయి, అదే దాని పని. కాపర్-టి 380ఏ అనేది పదేళ్లు పనిచేస్తుంది, 375 రకమైతే ఐదేళ్లు. నీకు వేసింది ఏదో కార్డు మీద రాసి ఇవ్వాలి.

ఇక రక్తస్రావం. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా రావడం చాలామందికి ఉంటుంది, తర్వాత నెమ్మదిగా సర్దుకుంటుంది. ఈ ఒక్క ముక్క నీకు ముందు చెప్పి, ఆ రోజుల్లో నొప్పికీ రక్తానికీ డాక్టర్ రాసే మాత్రలు, ఒంట్లో రక్తం తగ్గకుండా ఐరన్ మాత్రలు ఇచ్చి ఉంటే నువ్వు ఓపిక పట్టగలిగేదానివేమో. పట్టలేకపోయినా తప్పులేదు, తీయమని అడిగితే ఏ రోజైనా తీయాల్సిందే, అది నీ హక్కు. కాకపోతే తీసేటప్పుడు ఇంకోమాట కూడా చెప్పాలి. లూప్ తీసిన రోజు నుంచే గర్భం రావచ్చు, కాబట్టి ఆ రోజు నుంచే వేరే ఏదైనా మొదలుపెట్టాలి. ఆ మాట చెప్పకపోవడం వల్లే నీకీ రెండో కాన్పు. మీ ఆయనకు ఈ పేజీ చదివి వినిపించు. తీయించిన రోజు నుంచి నిరోధ్ వాడాల్సింది ఆయన, ఆ బాధ్యత ఇద్దరిదీ.

మళ్లీ వేయించుకోవచ్చు, ముందు రక్తం పరీక్ష చేయించుకో. ఒంట్లో రక్తం బాగా తక్కువుంటే నేనైతే వేరేది చూడమంటాను. వేయించుకుంటే నెలన్నరకి ఒకసారి వెళ్లి చూపించుకో, కాన్పు అయిన వెంటనే వేసినవాటిలో జారిపోయేవి కాస్త ఎక్కువ. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపులో గట్టి నొప్పి, దారం తగలకపోవడం, నెల తప్పడం... వీటిలో ఏది కనబడినా ఆగకుండా వెళ్లు.

ప్రశ్న: మేడమ్, నాకు 24, కూకట్‌పల్లిలో ఉంటాం, ఇద్దరం ఉద్యోగస్తులం. రెండేళ్లు పిల్లలు వద్దనుకుని రోజూ వేసుకునే మాత్రలు వాడుతున్నాను. వికారం, బుగ్గల మీద మంగు మచ్చలు. మాత్రలు వేడి చేసి గర్భసంచి ఎండిపోతుందని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అంటోంది. అందుకని మూడు నెలలు వాడి ఒక నెల ఆపుతున్నాను. ఆ ఆపిన నెలంతా ఒకటే టెన్షన్.

జవాబు: ఆ ఆపడం మానెయ్ అమ్మాయీ. ఒంటికి విశ్రాంతి ఇవ్వాలని మధ్యలో ఆపాల్సిన పనే లేదు. అనుకోకుండా గర్భం వచ్చేదీ సరిగ్గా ఆ ఆపిన నెలల్లోనే, నేనెంతమందిని చూశానో. గర్భసంచి ఎండిపోవడం అనేది లేదు. మాత్రలు మానేస్తే చాలామందికి ఒకటి రెండు నెలల్లోనే మామూలుగా గర్భం వస్తుంది. అమ్మకి కోపంగా చెప్పకు, ఆవిడ కాలంలో ఆవిడకీ ఎవరూ చెప్పలేదు.

వికారం మొదటి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది, రాత్రి భోంచేశాక వేసుకుంటే ఇంకా నయం. మంగు మాత్రం ఈ మాత్రల వల్ల వచ్చేదే, ఎండలో పెరుగుతుంది. అది నీకు బాధగా ఉంటే మాత్ర మార్చమని అడగడం చిన్న విషయమేమీ కాదు, మొహమాటపడకు. మొదలుపెట్టే ముందు నీకు బీపీ చూశారా? "మైగ్రేన్ వస్తుందా, వచ్చేముందు కళ్లముందు మెరుపులు కనబడతాయా" అని అడిగారా? కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు, అలాంటి మైగ్రేన్ ఉన్నవాళ్లు, 35 దాటి సిగరెట్ తాగేవాళ్లు ఈ మాత్రలు వాడకూడదు. పాలిచ్చే తల్లులు మొదటి ఆరు నెలలు వాడకూడదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే కొన్ని మందులు వీటి బలాన్ని తగ్గించేస్తాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కున్నప్పుడు ఇవేవీ ఎవరూ అడగరు, నా బాధంతా అదే.

ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకో, ఆ రోజుది మామూలు టైముకి వేసుకో, రెండూ ఒకే పూట పడినా ఏం కాదు. వరసగా రెండు రోజులో అంతకన్నా ఎక్కువో మరిచిపోతే ఒకటి వేసుకుని అట్ట కొనసాగిస్తూ ఏడు రోజులపాటు నిరోధ్ వాడాలి. 28 మాత్రల అట్టలో చివరి ఏడూ ఐరన్ మాత్రలు, వాటిలో హార్మోన్ లేదు, అవి మరిచినా గర్భం భయం లేదు.

రోజూ గుర్తుంచుకోలేనివాళ్లకి వారానికోసారి వేసుకునేది ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో, మనదేశంలోనే తయారైన మందు అది, షాపులో సహేలీ, ప్రభుత్వాసుపత్రిలో ఛాయ పేరుతో ఉచితం. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి. దానిలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉండదు కాబట్టి పాలిచ్చేవాళ్లూ వాడొచ్చు. నెలసరి ఆలస్యంగా రావడం ఒక్కటే ఎక్కువమందికి ఇబ్బంది. డేట్ పది పదిహేను రోజులు దాటితే భయపడి కూర్చోకుండా ఒక టెస్ట్ చేసుకుంటే సరి. అండాశయాల్లో నీటిబుడగలున్నవాళ్లకి మాత్రం ఇది ఇవ్వరు.

ప్రశ్న: అమ్మా, ఏం రాయాలో తెలియడం లేదు. నాకు 29. పెళ్లి 18కి, 22కి ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు సిజేరియన్‌లోనే పిల్లల ఆపరేషన్ కూడా చేసేశారు. పోయిన వానాకాలం మా బాబు జ్వరంతో పోయాడు, ఏడేళ్లు. ట్యూబులు మళ్లీ కలుపుతారా? ఎవరిని అడిగినా "ఇక కుదరదు" అంటున్నారు. నరసరావుపేట.

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదివి ఆ రోజు ఇంకే ఉత్తరమూ తెరవలేకపోయాను. బిడ్డ పోయిన దుఃఖం ఇంకో బిడ్డతో తీరేది కాదని నీకు నేను చెప్పక్కర్లేదు. నీ ప్రశ్నకి మాత్రం నేరుగా జవాబు చెబుతాను, ఎందుకంటే "కుదరదు" అనే మాట పూర్తిగా నిజం కాదు.

ట్యూబులు కలిపే ఆపరేషన్ ఉంది. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చేస్తారు, అక్కడ అడుగు. ఎంత కుదురుతుందనేది నాలుగు విషయాల మీద ఉంటుంది. అప్పుడు ట్యూబు ఎంత ముక్క కోశారు, మిగిలింది ఎంత పొడుగుంది, నీ వయసు, మీ ఆయన వీర్య పరీక్ష. లాపరోస్కోప్‌తో, అంటే పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టంతో చూస్తూ, ట్యూబుకి రింగు వేసినవాళ్లకి ట్యూబు తక్కువ పోతుంది కాబట్టి అవకాశం బాగుంటుంది. కోసి ముడేసినవాళ్లకి కాస్త తక్కువ. నీది సిజేరియన్‌లో చేశారు కాబట్టి కోసి ముడేసే ఉంటారు, అయినా 29 చిన్న వయసే, ఆశ వదులుకోకు. పాత డిశ్చార్జ్ కాగితం వెతుకు, ఆపరేషన్ ఎలా చేశారో అందులో ఒక ముక్క రాసి ఉంటుంది. నీ పొట్ట కోసే ముందే మీ ఆయన పరీక్ష చేయించాలి, అది పది నిమిషాల పని. కలిపాక నెల తప్పితే ఆ వారంలోనే స్కాన్ చేయించుకోవాలి, గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువ. కలపడం వీలుకాదంటే ఐవీఎఫ్ ఉంది, దానికి ట్యూబులతో పని లేదు, ఖర్చు మాత్రం చాలా.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకూ 23 ఏళ్లకే, రెండో కాన్పయిన మూడో రోజున ఆపరేషన్ అయింది. అప్పటికి నర్సింగ్ చదివినదాన్నే. మా అమ్మా మా అత్తగారూ వరండాలో మాట్లాడుకుని వచ్చి "రేపు పొద్దున్న ఏమీ తినకు" అన్నారు, అంతే. ఇద్దరు చాలన్నది నాకూ ఇష్టమే, దానికి బాధ లేదు. నన్ను ఎవరూ అడగలేదన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 38 మందికి ఈ ఆపరేషన్ అయింది, ఆంధ్రప్రదేశ్‌లో అయితే దాదాపు 70 మందికి. దేశం మొత్తంలో మనమే ముందు. మన దగ్గర చాలామందికి పాతికేళ్లు నిండకముందే అయిపోతుంది. పేపర్లలో "కు.ని. ఆపరేషన్లు", అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అని అంకెలు వేస్తారు గానీ, ఆ అమ్మాయికి లూప్ గురించి, సూది గురించి ఎవరైనా చెప్పారా అని ఎవరూ అడగరు. పిల్లలు మరీ పసివాళ్లుగా ఉన్నప్పుడు, చిన్న వయసులో ఆపరేషన్‌కి తొందరపడొద్దని, పదేళ్ల లూప్ ఉండగా ఆగమని నేను చెప్పేది ఇందుకే. ఆగడానికి అవకాశం ఉందని చెప్పి ఉంటే నీకు ఈ రోజు ఈ దారులు వెతుక్కునే పని ఉండేది కాదు.

ప్రశ్న: ఆపరేషన్ అయిన పన్నెండేళ్ల నుంచీ నడుం నొప్పి, తెల్లబట్ట. ఒక ప్రైవేటు డాక్టర్ గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయంటున్నారు. వయసు 36. ఖమ్మం జిల్లా.

జవాబు: వద్దమ్మా. ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఒప్పుకోవద్దు. తెల్లబట్టకి మందులున్నాయి, నడుం నొప్పి గర్భసంచి తీస్తే పోదు. ట్యూబులు ముడేయడం వల్ల నడుం నొప్పి రాదు కూడా. నాట్లు, కలుపులు, వంగి చేసే పని, ఒంట్లో రక్తం లేకపోవడం, వీటిని ముందు చూడాలి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే, అదీ నలభై నిండకముందే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు, ఎముకలు గుల్లబారడం తొందరగా మొదలవుతుంది. క్యాన్సర్ పరీక్ష, స్కాన్ చేయించు, రిపోర్టు నీ చేతిలో ఉంచుకో.

ప్రశ్న: అక్కా నమస్తే. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తా, 33 ఏళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. మా ఆమెకు రెండూ సిజేరియన్లే, రెండోసారి రక్తం కూడా ఎక్కించిన్రు. ఇంకోసారి ఆమె పొట్ట కోయనియ్యను, ఆపరేషన్ నేనే చేయించుకుంటా అన్నా. మా అమ్మ ఏడుస్తుంది, "మగపిల్లగాడు లేకుంటనే ఎట్ల చేయించుకుంటవు, రేపు బరువులెట్ల మోస్తవు" అని. దోస్తులు ఆ పనికి కూడా పనికిరావంటున్నరు. నిజంగ ఏమైతది?

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో మగవాడు రాసింది నీదొక్కటే తమ్ముడూ. దేశం మొత్తం మీద వేసెక్టమీతో, అంటే మగవాళ్ల ఆపరేషన్‌తో, కుటుంబ నియంత్రణ పాటిస్తున్న జంటలు నూటికి ఒకటి కూడా లేవు, వెయ్యికి మూడు. ఎప్పుడూ ఇలాగే లేదు. 1960ల్లో మనదేశంలో మగవాళ్ల ఆపరేషన్లే ఎక్కువ జరిగేవి. ఎమర్జెన్సీ వచ్చి 1976-77లో ఒక్క ఏడాదిలోనే అరవై లక్షల మందికి పైగా మగవాళ్లకి, ఎంతోమందికి బలవంతంగా, ఈ ఆపరేషన్ చేశారు. ఆ భయం, ఆ కోపం తండ్రుల నుంచి కొడుకులకి వచ్చింది. అప్పటి నుంచి బరువంతా ఆడవాళ్ల మీద పడింది.

ఇప్పుడు చేసే పద్ధతి కోత, కుట్టు లేని వేసెక్టమీ. పడుకోబెట్టి వృషణాల సంచి పైభాగంలో చర్మానికి మత్తు సూది వేస్తారు, దోమ కుట్టినంత నొప్పి. లోపల తాడులా తగిలే సన్నటి గొట్టాన్ని డాక్టర్ వేళ్లతో పట్టుకుని, మొనదేరిన చిన్న పరికరంతో చర్మానికి ఒక్క రంధ్రం చేసి, దాన్ని పైకి తీసి, కోసి ముడేస్తారు. రెండో వైపుదీ సాధారణంగా ఆ రంధ్రం లోంచే. పావుగంట, ఇరవై నిమిషాలు. కుట్టు ఉండదు, చిన్న కట్టు కట్టి పంపిస్తారు, నడిచి ఇంటికి పోవచ్చు. రెండు రోజులు విశ్రాంతి, బిగుతు డ్రాయర్ వేసుకో, ఓ వారం బరువులెత్తకు, సైకిల్ తొక్కకు. తర్వాత మగ్గం దగ్గర నీ పని నువ్వు ఎప్పటిలా చేసుకోవచ్చు. మగతనాన్నిచ్చే హార్మోన్ ఆ గొట్టం గుండా పోదు, రక్తంలోకి పోతుంది, కాబట్టి కోరికకీ బలానికీ ఏమీ కాదు. వీర్యంలో కణాల వంతు చాలా కొద్ది, తేడా నీక్కూడా తెలియదు. దోస్తులకి ఇది చెప్పు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఆపరేషన్ అయిన రోజు నుంచే పనిచేయదు. గొట్టంలో ముందున్న కణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా నిరోధ్ వాడాలి, మూడు నెలలయ్యాక వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని కాగితం వచ్చాకే మానాలి. ఇది చెప్పని చోట భార్యకి నెల తప్పి, ఇంట్లో అనుమానాలతో గొడవలు పడి, చివరికి ఆమె ఏడుస్తూ నా దగ్గరికి వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఆ పరీక్ష మానకు.

మీ అమ్మతో నువ్వే కూర్చుని మాట్లాడు, మీ ఆమెను మధ్యలోకి లాగకు. కోడలు రక్తం ఎక్కించుకున్న రోజు ఆమె కూడా ఆసుపత్రిలోనే ఉండి ఉంటుంది కదా, అది గుర్తుచెయ్. కొడుకు ఉంటేనే చేస్తామనే రూలు ఎక్కడా లేదు, ఏడాది దాటిన బిడ్డ ఒకరుంటే చాలు. ఇంకోటి, దీన్ని తిరిగి కలపడం అందరికీ కుదరదు, కాబట్టి మీరిద్దరూ నిండు మనసుతో అనుకున్నాకే వెళ్లు.

ప్రశ్న: 22 ఏళ్లు, హాస్టల్‌లో ఉంటాను, పెళ్లి కాలేదు. ఈ నెలలో మూడుసార్లు ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నాను. డేట్ రాలేదు. ఎవరికీ చెప్పుకోలేను.

జవాబు: నాకు చెప్పావు కదా, మంచిపని చేశావు. రేపు పొద్దున్నే ఒక టెస్ట్ కిట్ కొని చూసుకో. ఈ మాత్ర కలిశాక 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది, అయినా నూటికి నూరుపాళ్లు కాదు. వరసగా వేసుకుంటే డేట్ ముందుకో వెనక్కో పోవడం మామూలే, గర్భసంచి పాడవదు, భయపడకు. కానీ ఎప్పుడూ దీని మీదే ఆధారపడితే ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. నిరోధ్ వాడండి, రోగాల నుంచి కూడా కాపాడేది అదొక్కటే, అతను వద్దంటే నువ్వు కూడా వద్దను. టెస్ట్‌లో రెండు గీతలు వస్తే మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు అడిగి కొనుక్కోకు, గర్భం ట్యూబులో ఉంటే అవి వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. నేరుగా లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. 2021లో అబార్షన్ చట్టం మార్చారు, పెళ్లికానివాళ్లకీ అబార్షన్ చేయించుకునే హక్కు ఉంది, 18 నిండినవాళ్లకి ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు, నీ పేరు బయటపెట్టకూడదు.

ప్రశ్న: అమ్మా, మాది ఆదోని పక్క పల్లె. ఇద్దరాడపిల్లలు. మగబిడ్డ పుట్టేదాకా కనాల్సిందేనని మా ఇంట్లోవాళ్లు. నాకు ఒంట్లో శక్తి లేదు. ఆశా అక్క సాయంతో మూడు నెలల సూది రెండుసార్లు వేయించుకున్నా, మా ఆయనకి తెలీదు. ఇప్పుడు బయట చేరడం పూర్తిగా ఆగిపోయింది. చెడు రక్తం లోపల నిలిచి గడ్డ కడుతుందంటున్నారు, నిజమా? కార్డు ఇంట్లో దాచలేకపోతున్నా. ఇంకోటి, మిరపకాయ కోతలకి గుంటూరు పోతాం, సరిగ్గా సూది తేదీ అక్కడుండగా పడుతుంది.

జవాబు: అమ్మా, రక్తం లోపల ఎక్కడా నిలవలేదు. మామూలుగా ప్రతినెలా గర్భసంచి లోపల ఒక పొర మందంగా పెరిగి, గర్భం రాకపోతే అది ఊడి రక్తంతో బయటికొస్తుంది. ఈ మూడు నెలల సూది, అంతరా అంటారు, వేసుకున్నాక ఆ పొర మందంగా పెరగనే పెరగదు. పెరగనిది ఊడేదేముంటుంది, అందుకే ఆగింది. మొదట్లో చుక్క చుక్కగా ఎప్పుడుపడితే అప్పుడు కనబడటం, తర్వాత తర్వాత ఆగిపోవడం ఈ సూదితో మామూలు. ఏడాది వాడినవాళ్లలో సగం మందికి దగ్గర దగ్గరగా ఆగిపోతుంది. సూది మానేస్తే మళ్లీ వస్తుంది. మనసు నిమ్మళించడానికి ఆశా దగ్గర ఒకసారి మూత్రం టెస్ట్ చేయించుకో, చాలు.

ముందే చెప్పాల్సినవి ఇంకొన్ని. కొందరికి ఒళ్లు వస్తుంది. వాడినంతకాలం ఎముకల బలం కొద్దిగా తగ్గుతుంది, మానేశాక మళ్లీ పుంజుకుంటుంది, ఈలోగా పాలో మజ్జిగో రాగి సంకటో తింటూ ఉండు. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, మందు తొందరగా కరిగిపోతుంది. ఎప్పుడైనా నీకు నువ్వుగా బిడ్డ కావాలనుకుంటే చివరి సూది తర్వాత గర్భం రావడానికి ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి పది నెలలు పడుతుంది, అప్పుడు గొడ్రాలినైపోయానని ఏడవకు.

మీ ఆయనకి చెప్పాలా వద్దా అన్నది నేను చెప్పను, ఆ ఇంట్లో ఉండేది నువ్వు. సూదికి ఆయన సంతకం అక్కర్లేదు, ఆశా గానీ ఏఎన్ఎం గానీ ఆయనకి చెప్పకూడదు. చెయ్యి చేసుకునే మనిషైతే 181 నంబరు గుర్తుపెట్టుకో, ఆడవాళ్ల సహాయం కోసం పెట్టింది, ఎప్పుడు చేసినా పలుకుతారు.

కోతల సంగతికొస్తే, తేదీ పడేదాకా ఆగక్కర్లేదు. రెండు వారాలు ముందుగానైనా వేయించుకోవచ్చు, నాలుగు వారాలు ఆలస్యమైనా ఫర్వాలేదు, అది దాటితే మాత్రం మళ్లీ టెస్ట్ చేసి వేయాలి. కాబట్టి గుంటూరు బండెక్కే ముందే, ఊళ్లోనే, వేయించుకుని వెళ్లు. ఆ వీలు లేకపోతే అక్కడ ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా అంతరా సూది అని అడుగు, పోయినసారి ఏ తేదీన వేశారో చెబితే వేస్తారు. కార్డు ఆశా అక్క దగ్గరే ఉంచు. మీ ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్కలు రాస్తారు కదా, సూది వేయించుకున్న రోజు ఆ గడిలో ఒక చిన్న చుక్క పెట్టుకో. అక్కడి నుంచి మూడు కాగితాలు తిప్పి అదే తేదీ దగ్గర ఇంకో చుక్క పెట్టు.